బొరియలోంచి వినిపించే గొంతు



పాత గ్రామఫోను రికార్డులు చూసి పెరిగినవాళ్ళకు ఆ బొమ్మను వర్ణించి చెప్పనక్కర్లేదు. నల్లటి ప్లేటు మధ్యలో గుండ్రటి కాగితం. దానిమీద ఒక గ్రామఫోను. బూరా ముందు కూర్చుని, తల ఓరగా వంచి, ఒళ్ళంతా చెవులు చేసుకుని వింటున్న ఒక తెల్లకుక్క. హెచ్.ఎం.వి. అంటే ‘హిజ్ మాస్టర్స్ వాయిస్’, యజమాని గొంతు, అని తెలియని చిన్నపిల్లలు కూడా ఆ కుక్కను గుర్తుపట్టేవారు. పద్యాలూ హరికథలూ సినిమా పాటలూ ఆ కుక్క బొమ్మతోనే ఎన్నో తెలుగు ఇళ్ళలోకి వచ్చాయి.

ఆ కుక్క నిజంగా బతికింది. పేరు నిప్పర్. 1884లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో పుట్టింది. ఇంటికొచ్చినవాళ్ళ పిక్కలు చటుక్కున పట్టుకునే అలవాటు ఉండేది, పేరు కూడా దాన్నిబట్టే వచ్చింది. దాన్ని పెంచిన మార్క్ బరాడ్ నాటకశాలలో తెరలు చిత్రించేవాడు. ఆయన 1887లో చనిపోతే తమ్ముడు ఫ్రాన్సిస్ బరాడ్ కుక్కను చేరదీశాడు. 1895లో నిప్పర్ కూడా పోయింది. అది పోయిన కొన్నేళ్ళకు చిత్రకారుడైన ఫ్రాన్సిస్ దాన్ని తలుచుకుని ఆ బొమ్మ వేశాడు. మొదట వేసినప్పుడు కుక్క ముందున్నది ఎడిసన్ తరహా ఫోనోగ్రాఫ్. తమ యంత్రం పెట్టి గీస్తే కొంటామని గ్రామఫోన్ కంపెనీ మేనేజరు అన్నాడు. ఫ్రాన్సిస్ ఫోనోగ్రాఫ్ మీద రంగు పూసి గ్రామఫోను గీసి ఇచ్చాడు. చిత్రానికి 50 పౌన్లు, హక్కులకు మరో 50 పౌన్లు ముట్టాయి. అసలు చిత్రం మీద వెలుగు పక్కనుంచి పడేలా చూస్తే ఆ రంగు కింద పాత యంత్రం ఆనవాళ్ళు ఇప్పటికీ తెలుస్తాయి.

నిప్పర్ ఫలానా జాతిదని తేల్చి చెప్పడం కష్టం. బుల్ టెరియర్ కలగలుపు ఉందన్నారు, ఫాక్స్ టెరియర్ పోలికలన్నారు. జాక్ రసెల్ అని చెప్పేవాళ్ళు చాలామంది. ఏదేమైనా ఆ ఒంటి తెలుపు, చెవుల మీది ముదురు రంగు, ఆ తల వంచడం, ఆ పిక్కలు పట్టడం, అన్నీ టెరియర్ వంశానివే. ఈ ప్రసంగం ఆ వంశంలోని చిన్నకుక్క జాక్ రసెల్ గురించి. బొమ్మలో యజమాని గొంతును కుక్క వింటోంది. జాక్ రసెల్ పుట్టిన చోట మాత్రం గొంతు కుక్కది, వినే పని యజమానిది. ఆ సంగతి తెలిస్తేగాని ఈ కుక్క స్వభావం అంతుపట్టదు.

కథ 1819 మే నెలలో ఆక్స్‌ఫర్డ్ దగ్గర మొదలవుతుంది. ఈ కుక్కకు పేరిచ్చిన జాన్ రసెల్ అప్పటికి ఎక్సెటర్ కాలేజీ విద్యార్థి, ఇరవైమూడేళ్ళవాడు. పరీక్షకు చదువుకోవాల్సిన రోజుల్లో ఊరి బయట మార్స్‌టన్ వైపు నడిచి వెళ్తుంటే ఒక పాలవాడు ఎదురయ్యాడు. వాడి పక్కన ఒక ఆడ టెరియర్. తెల్లటి ఒళ్ళు, రెండు కళ్ళనూ చెవులనూ కప్పుతూ ముదురు గోధుమరంగు మచ్చలు, తోక మొదట్లో పెన్నీ నాణెమంత ఇంకో మచ్చ. గరుకైన దట్టమైన బొచ్చు, తీసిన గీతలా నిలబడ్డ కాళ్ళు, ఎదిగిన ఆడనక్కంత ఎత్తు. రసెల్ అక్కడినుంచి కదల్లేకపోయాడు. బేరమాడి కుక్కను చేతికి తీసుకున్నాకే వెనక్కి తిరిగాడు. దాని పేరు ట్రంప్, అంటే పేకాటలో తురుపు. ఆయన బతికుండగానే 1878లో వెలువడిన జీవితచరిత్రలో ఈ ఘట్టం వివరంగా ఉంది. తర్వాతి రోజుల్లో వేల్స్ యువరాజు ఆ కుక్క చిత్రాన్ని తెప్పించి సాండ్రింగ్‌హామ్ భవనంలో పెట్టించుకున్నాడు.

పాలవాడి కుక్కకు అంత గౌరవం రావడానికి కారణం అది చేయగలిగిన పని.

చదువయ్యాక రసెల్ చర్చిలో పూజారిగా చేరాడు. 1830ల నుంచి దాదాపు యాభై ఏళ్ళు ఉత్తర డెవన్‌లోని స్విమ్‌బ్రిడ్జ్ అనే ఊళ్ళో ఉన్నాడు. ఆదివారం ప్రార్థన చెప్పించేవాడు, మిగతా రోజుల్లో గుర్రమెక్కి వేటకు వెళ్ళేవాడు. మతగురువు వేటకుక్కల మందను పోషించడమేమిటని బిషప్‌కు కోపం. రసెల్ వేట మానలేదు, ఊళ్ళోవాళ్ళు ఆయన్ను వదులుకోలేదు. ఇంగ్లండు అంతటా ఆయన పార్సన్ జాక్ రసెల్. పార్సన్ అంటే ఊరి చర్చి పూజారి, జాక్ అంటే జాన్‌కు ముద్దుపేరు.

అక్కడి నక్కవేట తీరు కొంచెం తెలుసుకుంటే టెరియర్ పని అర్థమవుతుంది. గుర్రాల మీద మనుషులు, వాళ్ళ ముందు ఫాక్స్‌హౌండ్లనే పెద్ద వేటకుక్కల మంద. నక్క రాత్రి తిండికి బయటికి వెళ్ళాక, వేట ముందు రాత్రి మనుషులు తిరిగి దాని బొరియల మూతులు మూసేసేవారు. అయినా ఎక్కడో ఒక కన్నం మిగిలిపోతుంది. మైళ్ళ దూరం పరిగెత్తి అలసిన నక్క అందులో దూరుతుంది. మోకాలెత్తు దాటిన ఫాక్స్‌హౌండ్ ఆ కన్నంలో పట్టదు. మంద అంతా బయట అరుస్తూ నిలబడిపోతుంది.

అప్పుడు టెరియర్‌ను దింపుతారు.

మన గుంటనక్క పేరులోనే గుంట ఉంది. దాన్ని తరిమే ఈ కుక్క పేరులో మట్టి ఉంది. టెరియర్ అన్న మాట నేల అనే అర్థమున్న లాటిన్ పదం నుంచి వచ్చింది. నెల్లూరు, గుంటూరు వైపు యానాదులు పొలంగట్ల బొరియల్లోకి కుండతో పొగ ఊది ఎలుకలను బయటికి రప్పించడం చాలామంది శ్రోతలు చూసే ఉంటారు. అక్కడ పొగ చేసే పనే ఇక్కడ టెరియర్ చేస్తుంది. నక్కను చంపడం దాని బాధ్యత కాదు. చంపే కుక్కను రసెల్ మెచ్చేవాడు కాదు, బొరియలోనే నక్క చచ్చిపోతే ఆ రోజు వేట అక్కడితో సరి. నక్క ఎదురుగా నిలబడి, వెనక్కి తగ్గకుండా, మీద పడకుండా, ఆపకుండా మొరగాలి. పోరు పడలేక నక్క ఇంకో కన్నంలోంచి బయటికి దూకాలి.

చెప్పినంత తేలిక పని కాదిది. లోపల చీకటి. పక్కకు తిరగడానికి చోటుండదు. వేర్లు అడ్డం, పైనుంచి మట్టి రాలుతుంది, గాలి చాలదు. ఎదురుగా పళ్ళు చూపిస్తూ తనంత బరువున్న జంతువు. మనిషి పక్కన లేడు. ముందుకు వెళ్ళాలా, ఆగాలా, ఎంత దగ్గరికి పోవాలి, ఏదైనా సరే తేల్చుకోవాల్సింది ఆ కుక్కే. నాలుగు అడుగుల మట్టికి పైన యజమాని నేలమీద బోర్లా పడుకుని చెవి ఆనించి వింటుంటాడు. మొరుగుడు ఒకేచోటి నుంచి వస్తోందంటే నక్కను నిలబెట్టింది. కదులుతోందంటే నక్క జరుగుతోంది. ఉన్నట్టుండి ఆగిపోయిందంటే గుండె గుభేలుమంటుంది. పలుగూ పారా అందుకుని, చివరిసారి శబ్దం వినిపించిన చోట తవ్వడం మొదలుపెడతారు. మట్టి కూలి చిక్కుకుపోయిన కుక్కల కోసం రాత్రింబగళ్ళు తవ్విన సందర్భాలున్నాయి. తర్వాతి కాలంలో కుక్క మెడపట్టీకి చిన్న రేడియో ట్రాన్స్‌మిటర్ కట్టడం వచ్చింది. అంతకుముందంతా ఆధారం కుక్క గొంతొక్కటే. నేల కింద మౌనంగా ఉండే టెరియర్ ఎంత ధైర్యమున్నదైనా పనికిరాదు. అందుకే రసెల్ గొంతున్న కుక్కలను ఏరి, వాటినే జతకట్టించాడు.

నక్కవేటలో ఉన్న క్రూరత్వం దాచేది కాదు. ఇంగ్లండు, వేల్స్‌లలో కుక్కలతో నక్కలను వేటాడడాన్ని 2004లో చేసిన చట్టం నిషేధించింది, 2005 ఫిబ్రవరి నుంచి అది అమల్లో ఉంది. అలా నిషేధించడం న్యాయమే. కాని ఆ పని చేయించడానికి మనిషి రెండొందల ఏళ్ళ పాటు మలిచిన స్వభావం మాత్రం చట్టం రాగానే కుక్క ఒంట్లోంచి వెళ్ళిపోదు. ఇప్పటి జాక్ రసెల్‌ను పెంచేవాళ్ళు ఈ మాట మనసులో పెట్టుకోవాలి.

దాని రూపం కూడా బొరియ కొలతలకు తయారైందే. జాక్ రసెల్ ఎత్తు భుజం దగ్గర 25 నుంచి 30 సెంటీమీటర్లు, అంటే అడుగు దాటదు. బరువు ఐదారు కిలోలు. అన్నిటికంటే ముఖ్యమైన కొలత ఛాతీది, దానికి టేపు వాడరు. పరీక్షించే మనిషి కుక్క వెనక నిలబడి, ముందుకాళ్ళ వెనగ్గా రెండు చేతులూ దాని ఒంటి చుట్టూ వేస్తాడు. ఛాతీ కింద వేళ్ళ చివర్లు, వీపు మీద బొటనవేళ్ళు కలవాలి. కలిస్తే ఆ కుక్క నక్క వెళ్ళిన దారిన వెళ్ళగలదు. కలవకపోతే మధ్యలో ఇరుక్కుంటుంది. ప్రదర్శనల్లో న్యాయనిర్ణేతలు ఇప్పటికీ ఇలాగే రెండు చేతులు వేసి చూస్తారు. ఆ పక్కటెముకలు నొక్కితే కాస్త లొంగుతాయి కూడా, ఇరుకు దారిలో ఒళ్ళు కుదించుకోవడానికి.

తెలుపు అందం కోసం కాదు. మట్టి కొట్టుకుని బయటికి వచ్చే ఎర్రటి జంతువు నక్కా, టెరియరా అని పెద్దకుక్కల మంద ఒక్క క్షణం పొరబడిందంటే టెరియర్ ప్రాణం పోయినట్టే. అందుకే ఒళ్ళు చాలావరకు తెల్లగా ఉండాలి, నలుపో గోధుమరంగో మచ్చలు తలమీదా తోక మొదట్లోనూ ఉంటే చాలు. బొచ్చు మూడు రకాలు. నున్నగా ఉండేది, గరుకుగా లేచి ఉండేది, రెండూ కలిసినది. ఏ రకమైనా వానకూ ముళ్ళకూ తట్టుకునేంత దట్టంగా ఉంటుంది. చెవులు ముందుకు మడిచి ఉంటాయి కాబట్టి మట్టి లోపలికి పోదు. కళ్ళు బాదంగింజల్లా, నల్లగా, ఎప్పుడూ దేనికోసమో వెతుకుతున్నట్టు ఉంటాయి.

1873లో ఇంగ్లండు కెనెల్ క్లబ్ ఏర్పడినప్పుడు రసెల్ అందులో ఒక తొలి సభ్యుడు. ఫాక్స్ టెరియర్ల పోటీలకు న్యాయనిర్ణేతగా కూర్చున్నాడు కూడా. తన కుక్కలను మాత్రం పోటీలకు పంపలేదు. ప్రదర్శన కోసం పెంచుతున్న ఫాక్స్ టెరియర్లు నిటారుగా, బొమ్మల్లా తయారవుతున్నాయనీ, వాటి ఛాతీ లోతెక్కుతోందనీ, పని మరిచిపోతున్నాయనీ ఆయన దిగులు. 1883లో ఆయన కన్నుమూసి స్విమ్‌బ్రిడ్జ్ చర్చి ఆవరణలోనే మట్టిలో కలిశాడు. ఆ ఊళ్ళో ఆయన పేరిట ఒక పబ్ ఉంది, దాని బోర్డు మీద ట్రంప్ బొమ్మ ఉంటుంది.

ఆయన భయపడ్డ తగువే ఆ తర్వాత వందేళ్ళు నడిచింది. పనికుక్కలను పెంచేవాళ్ళు ఎత్తు, రంగు అంటూ కట్టుబాట్లు పెడితే జాతి పాడవుతుందన్నారు. పేరుకో పుస్తకం, వంశానికో పట్టిక ఉండాలని మరికొందరు పట్టుబట్టారు. చివరికి ఒకే పూజారి పేరు రెండు జాతులకు పంచారు. కాళ్ళు పొడుగ్గా, గుర్రాల వెంట పరిగెత్తగలిగేది పార్సన్ రసెల్ టెరియర్. దాన్ని బ్రిటన్ కెనెల్ క్లబ్ 1990లో గుర్తించింది. పొట్టికాళ్ళది జాక్ రసెల్ టెరియర్. దీన్ని ముందు ఆస్ట్రేలియా వాళ్ళు తీర్చిదిద్ది గుర్తించారు. పుట్టింట్లో, అంటే బ్రిటన్‌లో, ఆ గుర్తింపు 2016లో గాని రాలేదు. జాతి పుట్టిన దేశంకంటే పాతికేళ్ళ ముందు వేరే ఖండం దానికి కాగితాలిచ్చింది!

ఇక ఇంట్లో దాని సంగతి. ఇప్పుడు హైదరాబాద్, విశాఖపట్నం వంటి నగరాల్లో కూడా ఈ కుక్కను కొంటున్నవాళ్ళున్నారు. చిన్నదిగా ఉంటుంది, ఫ్లాటుకు సరిపోతుంది అనుకుని తెచ్చుకుంటారు. మూడు నెలలు తిరిగేసరికి సోఫా దిండు చిరుగుతుంది. కుండీల్లో మట్టి హాలంతా పరుచుకుంటుంది. లిఫ్టు చప్పుడైతే చాలు మొరుగుతుంది. బల్లి గోడెక్కితే గోడవైపే గంటసేపు కూర్చుంటుంది. పిలిస్తే రాదు. చెప్పిన మాట వినని మొండికుక్క అని విసుక్కుంటారు.

ఒక్కొక్కటే విడదీసి చూస్తే ఆ మొండితనం వేరేగా కనిపిస్తుంది. తవ్వడం దాని కులవృత్తి. ఆగకుండా మొరగమని దానికి తాతముత్తాతల నాటినుంచి నేర్పారు. నేల కింద, పిలుపు వినపడని చోట, తనంతట తాను తేల్చుకోగల కుక్కలనే ఏరి పెంచారు. కాబట్టి పిలవగానే వచ్చే గుణం దానికి సహజంగా అబ్బలేదు, ఓపికగా నేర్పించుకోవాలి. కన్నం ముందు గంటలకొద్దీ కాపలా కాసే పట్టుదల లేకపోతే దాని వంశమే నిలిచేది కాదు. ఫ్లాటులో అల్లరిగా కనిపించేవన్నీ డెవన్ పొలాల్లో దానికి అన్నంపెట్టిన గుణాలు.

అందుకే దానికి పని కల్పించాలి. పొద్దున్నే, రోడ్డు వేడెక్కకముందే, గంటసేపు నడక. మధ్యాహ్నం తారురోడ్డు మీద దాన్ని నడిపిస్తే పాదాలు కాలతాయి. ఇంట్లో ఒక పెద్ద ట్రే నిండా ఇసుక పోసి, అందులో దానికిష్టమైన వస్తువు దాచి వెతకమంటే చాలు. ముందు ముక్కు ఇసుక మీద పాకుతుంది, తోక కర్రలా బిగుస్తుంది. తర్వాత ముందుకాళ్ళు రెండూ చక్రాల్లా తిరుగుతాయి, ఇసుక వెనక్కాళ్ళ మధ్యనుంచి ఎగిరిపడుతుంది. దొరికిన వస్తువు నోట కరుచుకుని తలెత్తినప్పుడు ముక్కుమీద, కనుబొమల మీద ఇసుక, కళ్ళలో పట్టరాని సంతోషం. పావుగంట ఈ ఆట ఆడిన కుక్క సాయంత్రమంతా కాళ్ళ దగ్గర ముడుచుకుని పడుకుంటుంది. పసిపిల్లలున్న ఇంట్లో మాత్రం పెద్దవాళ్ళ కన్ను ఉండాలి. తోక లాగినా, తిండి గిన్నెలో చెయ్యి పెట్టినా ఇది ఊరుకునే జాతి కాదు. కుందేళ్ళూ చిలుకలూ పెంచేవాళ్ళు దీని జోలికి రాకపోవడమే మంచిది. పెరట్లో పందికొక్కుల వెంట పడే కుక్కయితే లెప్టోస్పైరోసిస్ టీకా మరిచిపోకూడదు, ఎలుకల మూత్రం ద్వారా ఆ జబ్బు కుక్కకూ మనిషికీ వస్తుంది.

ఆరోగ్యానికి గట్టి జాతి. బ్రిటన్ పశువైద్య కళాశాల పరిశోధకులు 2022లో ప్రకటించిన లెక్కల్లో, వాళ్ళు పోల్చిన జాతులన్నిటిలో జాక్ రసెల్ ఆయుర్దాయమే ఎక్కువ, పుట్టినప్పుడు లెక్కగడితే 12.72 ఏళ్ళు. కొన్ని వంశాల్లో కంటి కటకం స్థానం తప్పే జబ్బు, తెల్లని ఒంటితో పాటు వచ్చే చెవుడు ఉన్నాయి. పిల్లను తెచ్చుకునేముందు తల్లిదండ్రుల కళ్ళూ చెవులూ పరీక్ష చేయించారా అని అడగడం కొనేవాళ్ళ బాధ్యత. అంతకన్నా ముందు, పద్నాలుగు పదిహేనేళ్ళు కూడా బతకగల జీవికి రోజూ ఒక గంట ఇవ్వగలమా అని ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోవాలి. అలా మాట్లాడుకోకుండా తెచ్చిన కుక్కలే ఆరు నెలలకు రోడ్డుమీద కనిపిస్తాయి.

హాలీవుడ్‌లో ఉగ్గీ అనే జాక్ రసెల్ కుక్క ఉండేది. చిన్నతనంలో దాని ఆగడం భరించలేక ఇద్దరు యజమానులు వదిలించుకున్నారు. కుక్కల బందెలదొడ్డికి చేరాల్సినదాన్ని ఒక శిక్షకుడు తెచ్చుకుని పని నేర్పాడు. 2011లో వచ్చిన ‘ది ఆర్టిస్ట్’ అనే మూకీ తరహా చిత్రంలో కథానాయకుడి పక్కన నటించింది ఆ కుక్కే. ఉత్తమ చిత్రంగా ఆస్కార్ అందుకున్న ఆ సినిమా చూసినవాళ్ళు ఉగ్గీని మరిచిపోలేరు. కుక్క మారలేదు, దానికి చేతినిండా పని దొరికింది.

బోథీ కథ ఇంకో దారి. బ్రిటిష్ సాహసయాత్రికుడు రనల్ఫ్ ఫైన్స్, ఆయన భార్య జిన్నీ 1979లో ధ్రువాలమీదుగా భూమిని చుట్టే యాత్రకు బయలుదేరినప్పుడు వాళ్ళ వెంట వెళ్ళిన జాక్ రసెల్ అది. అంటార్కిటికా మంచులో జిన్నీ రేడియో సందేశాలు అందుకుంటుంటే ఆవిడ దగ్గరే ఉండేది. విమానంలో దాన్ని దక్షిణ ధ్రువానికీ, తర్వాత ఉత్తర ధ్రువానికీ తీసుకెళ్ళారు. రెండు ధ్రువాల మీదా కాలుమోపిన మొదటి కుక్క బోథీ. 1994 నుంచి అంటార్కిటికాలోకి కుక్కలను తీసుకెళ్ళడం నిషిద్ధం, కాబట్టి ఆ ఘనత ఇప్పుడు ఇంకో కుక్కకు దక్కే వీల్లేదు.

ఈ కాలపు జాక్ రసెల్‌లలో ప్రపంచమంతా ఎరిగినది పాట్రన్. 2019లో పుట్టింది. యుక్రెయిన్‌లో ఒక మందుపాతరల నిర్వీర్య నిపుణుడు తన కొడుకు ఆడుకోవడానికని దాన్ని తెచ్చాడు. ఆ కుక్క ముక్కు పదును చూసి తనతోపాటు పనికి తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు. పాట్రన్ అంటే వాళ్ళ భాషలో తూటా. 2022లో యుద్ధం చెర్నిహివ్ నగరాన్ని తాకి వెళ్ళాక, ఇళ్ళ చుట్టూ, తోటల్లో, రోడ్డు పక్కల పేలకుండా మిగిలిపోయిన మందుగుండును వెతకడంలో అది అత్యవసర సేవా దళంతో కలిసి పనిచేసింది. ఆ ఏడాది మే నెలలో దేశాధ్యక్షుడు దానికి పతకం ఇచ్చాడు.

దాని ఒంటికి సరిపోయేలా కుట్టిన చిన్న రక్షణ అంగీ తొడుక్కుని, మెడకు తాడుతో పాట్రన్ ముందు నడుస్తుంది. ముక్కు నేలకు ఆనించి ఒక్కో అడుగే వేస్తుంది. మట్టి వాసన, గడ్డి వాసన, వాటి అడుగున మందుగుండు వాసన. ఒకచోట ఆగుతుంది. వెనకాల బరువైన శిరస్త్రాణాలు పెట్టుకున్న మనుషులు కూడా ఎక్కడివాళ్ళక్కడ ఆగి, ఊపిరి బిగబట్టి, కుక్క ఏం చెబుతుందా అని దానివైపే చూస్తారు.